రుమాలు దాటని స్వెటర్

జహీరాబాద్ చలి గురించి చెబితే హైదరాబాద్ వాళ్లు నవ్వుతారు. నవ్వనీ. న్యాల్‌కల్ వైపు నుంచి గాలి తిరిగిందంటే మా ఇంట్లో నీళ్ల బిందెను ముట్టుకోవడానికే జంకేవాళ్లం. ఆ చలిలో మా తాత గొంగడి కప్పుకుని తెల్లవారకముందే చెరుకు తోటకు పోయేవాడు. పని చేయాలంటే గొంగడి తీసి పక్కన పెట్టాలి. తీస్తే వణుకు.

అరవైల మొదట్లో సంగతి. అప్పటికే నన్ను బడి మాన్పించారు. నాకు మిగిలిన సంబరం ఒక్కటే, మధ్యాహ్నాలు రైల్వే క్వార్టర్స్‌కు పోయి స్టేషన్ మాస్టారు భార్య దగ్గర ఊలు అల్లిక నేర్చుకోవడం. కోస్తా మనిషి, మంచి మాటకారి. ఊరంతా ఆమెను టేసనమ్మ అనేవారు. ఆ నాలుగు మాటలూ నవ్వులూ లేకపోతే నాకు పిచ్చెక్కేది. తాతకు మాత్రం నేను అలా పోవడం గిట్టేది కాదు.

"ఏందే పిల్లా, రోజూ ఆ పుల్లలు ఆడిచ్చుడు? ఒక్కటన్న పనికొచ్చేది చేసినవా?" అన్నాడొకరోజు.

నాకు ఒళ్లు మండింది. "చేస్త. నీకే స్వెటర్ అల్లుత. టేసన్ సారు తొడుక్కుంటడు చూడు, ముందట జడలు జడలు ఉంటయి, గసొంటిది!"

అప్పటిదాకా నేను అల్లింది ఒకే ఒక్క మఫ్లరు. అది కూడా ఒక కొస వెడల్పు, ఇంకో కొస ఇరుకు.

తాత మీసం దువ్వాడు. "మంచిది. నలుగురి ముందట తొడుక్కుంట. పనికొస్తె రోజూ పో నీ టేసన్‌కు. లేకుంటె ఇగ గడప దాటేది లేదు."

టేసనమ్మ విని నెత్తి కొట్టుకుంది. "ఓసి నీ ధైర్యం కూలా! అది అల్లేటప్పుడు నాకే కళ్లనీళ్లు వచ్చాయే." నా జడ చేతిలోకి తీసుకుని, "నీ జడ నువ్వే వేసుకుంటావా?" అంది. అవునన్నాను. "అయితే వస్తుందిలే, కూర్చో."

జడ రావాలంటే సూది మీది కుట్లలో కొన్నిటిని చిన్న పుల్లకు ఎక్కించి ముందుకు వదిలేయాలి. వాటి తర్వాతి కుట్లు అల్లి, ఆపైన పుల్ల మీదివి అల్లితే పాయ మీద పాయ ఎక్కుతుంది. చీపురుపుల్లతో మొదలుపెట్టాను, అది ఊలును పీకి పీకి పెట్టింది. చివరికి నాయనమ్మ కళ్లకు సుర్మా దిద్దుకునే పుల్ల దొరికింది, ఇత్తడిది, నున్నగా జారేది. దాని నలుపు అక్కడక్కడా ఊలుకు అంటిందనుకోండి. అంటనీ! మొదటి మెలిక పడ్డప్పుడు ఇల్లంతా తిరిగి చూపించాను. మనుషులు అయిపోతే బర్రెకు కూడా చూపించాను.

మధ్యలో ఒక జడ ఎదురు తిరిగింది. జానెడు విప్పాల్సి వచ్చింది, బాగా ఏడ్చాను. నాయనమ్మ విప్పిన ఊలు ఉండ చుడుతూ, "ఏడ్వకే, నీ తాత మెడలు వంచాలె మనం," అంది. మళ్లీ అల్లాను. చలి దూరకుండా మెడ బిగువుగా పెట్టాను. నాయనమ్మ తలకు తొడిగి చూస్తే చక్కగా దిగింది.

రాయికోడ్ నుంచి చుట్టాలు వచ్చిన పొద్దున తాత అన్న మాట ప్రకారం అందరి ముందు చేతులు దూర్చి స్వెటర్‌ను నెత్తి మీదికి లాగాడు. అది ఆగిపోయింది. రుమాలు!

మా తాత స్నానం కాగానే లోపలి గదిలో తలకు రుమాలు, అదే తలపాగా, చుట్టుకుని గానీ బయటికి వచ్చేవాడు కాదు. మళ్లీ పడుకునేటప్పుడే విప్పేవాడు. ఇంట్లో చావు జరిగితే తప్ప మగవాళ్లు నలుగురిలో రుమాలు తీయని రోజులవి. ఆ గుండ్రటి రుమాలును పుట్టినప్పటి నుంచీ చూస్తున్నాను కదా, అది ఆయన తలేననుకున్నానో ఏమో, కొలతకే రాలేదు. టేసనమ్మ అయినా గుర్తుచేయలేదు, వాళ్లాయనది టోపీ.

చుట్టాలు పగలబడి నవ్వారు. తాత మొహం స్వెటర్‌లో, చేతులు గాలిలో. నా పైప్రాణాలు పైనే పోయాయి. ఇక గడప దాటేది లేదనుకున్నాను. ఇద్దరు లేచి స్వెటర్ పట్టుకుని లాగబోయారు.

"ఏయ్, గుంజకుండ్రి!" లోపలి నుంచి తాత అరిచాడు. "జడలు తెగుతయి!"

అలాగే తడుముకుంటూ గదిలోకి పోయి తలుపేసుకున్నాడు. చాలాసేపటికి బయటికి వచ్చాడు. ఒంటి మీద స్వెటర్, నెత్తి మీద కొత్తగా చుట్టిన రుమాలు, కాస్త వంకరగా. జడలు పొట్ట మీద నిటారుగా దిగి ఉన్నాయి. ఎంత బాగున్నాడో! కానీ నా గడప సంగతి ఇంకా తేలలేదు. చుట్టాలను తీసుకుని తోటకు పోయాడు.

మిట్టమధ్యాహ్నం తిరిగొచ్చాడు. చెమటలు ధారలు కడుతున్నాయి. స్వెటర్ మాత్రం ఒంటి మీదే ఉంది.

"అయ్యో, విప్పరాదు?" అంది నాయనమ్మ.

"ఎట్ల విప్పాలె? రుమాలు గూడ విప్పాలె గద!" అని విసుక్కుని నా వైపు తిరిగాడు. "ఏమే, ముందట తెరిచి గుండీలు పెట్టేది ఉంటదట గద. నీకొస్తదా?"

"రాదు తాతా."

"రాకుంటె నేర్చుకో పో. రోజూ పో. జడలు మాత్రం ఉండాలె."

సూదులు చంకన పెట్టుకుని అప్పుడే ఉరికాను. "తిని పోవే!" అని నాయనమ్మ వెనక నుంచి అరుస్తూనే ఉంది.