అద్దం పక్కన కాపురం

రోజూ పొద్దున్నే క్షవరం దుకాణం తలుపు తీయగానే కత్తెర బాబాయి దేవుడి పటానికి ఒక దణ్ణం, అద్దం పక్క గోడకు ఇంకో దణ్ణం పెట్టేవాడు. రెండోది ఎవరికని అడిగితే, "పిలవకుండా వచ్చిన చుట్టం ఒకటుందిలే" అనేవాడు.

ఆ చుట్టం ఒక గూటిపురుగు. దోసగింజలాంటి బల్లపరుపు గూడు, రెండు కొసలా ద్వారాలు. పురుగు ఏ ద్వారంలోంచైనా తల బయటపెట్టి, ఇల్లంతా ఈడ్చుకుంటూ గోడ మీద పాకేది. "అత్తగారు ముందు గుమ్మంలోకొస్తే వెనక గుమ్మంలోంచి పోవచ్చు. దేవుడు ఈ వసతి నాకివ్వలేదు" అని బాబాయి బాధ. మొదటిసారి చూసినప్పుడు నిజంగానే దోసగింజ అనుకుని తొట్టిలో పాతి నీళ్లు పోశాడు. మర్నాటికి విత్తనం గోడెక్కింది.

పట్టుదారంతో అల్లుకున్న ఆ గూటికి ఇసుక, సున్నపు పొడి, వెంట్రుక ముక్కలు అతుక్కుని ఉండేవి. "నా జుట్టు నెత్తిన నిలవకపోయినా గోడ మీద నిలిచింది బాబాయ్" అనేవాడు బట్టతల పోస్టుమాస్టరు. ఉక్కా తేమా ఉన్న దేశాలన్నిటా, బూజు దులపని ఇళ్లన్నిటా ఈ పురుగు ఉంటుందని చదివి చెప్పింది కూడా ఆయనే. బాబాయి భార్య, వీధికంతటికీ పిన్ని, ఆ మాట తన చీపురుకే తగిలినట్టు మూతి ముడిచింది. అయినా దానికి తిండి సాలెగూళ్లేనని విన్నాక, అద్దం వెనక ఒక సాలెగూడును చూడనట్టే వదిలేసేది.

పగుళ్లలో గుడ్డు, గుడ్డులోంచి పురుగు, కొన్నాళ్లు గూట్లో ముడుచుకుని పడుకున్నాక బూడిదరంగు చిమ్మట. రెక్కల మీద నల్లచుక్కలుంటాయి గానీ తినడానికి నోరుండదట. "పెళ్లయ్యాక అంతేగా" అన్నాడు బాబాయి, పిన్నికి వినిపించేలా. ఇన్నేళ్లలో ఆయనకు దొరికినవన్నీ ఖాళీ గూళ్లే. చిమ్మట బయటికి రావడం ఒక్కసారైనా చూడాలని ఆయన ఆశ.

ఈసారి గూడు పైకప్పు మూలకు చేరి, కదలడం మానేసింది. సరిగ్గా అప్పుడే పిన్ని దుకాణానికి సున్నం వేయించాలంది. కుంచె పట్టుకుని ఆమె తమ్ముడు నిచ్చెనెక్కేశాడు.

"ఒరే బామ్మర్దీ, దిగు."

"అక్క ఊరుకోదు బావా."

"ఆ మూల ఒకాయన రెక్కలు కుట్టించుకుంటున్నాడు."

అతను గూటిని చూసి కుంచె దించాడు. "దీనికోసమా? మొన్న నా మీసం ఒక పక్క లేపేసినప్పుడు ఈ జాలి ఏమైంది?"

బాబాయి నిచ్చెన కదలకుండా రెండు చేతులా పట్టుకున్నాడు.

"మీసం మళ్లీ వస్తుందిరా. ఇది ఒక్కసారే వస్తుంది. మిగతా గోడలన్నీ నీ ఇష్టం. అక్కడ జానెడు వదిలెయ్. మీ అక్క అడిగితే సున్నం చాల్లేదని చెప్పు నాయనా."