నాకు వినపడని అలారం

1981 మార్చి నాటికి నేను అమెరికాలో షికాగో పక్కనున్న నేపర్‌విల్‌కు దగ్గరలో ఒక ఆసుపత్రిలో సీనియర్ మత్తు డాక్టరుగా పనిచేస్తున్నాను. ఆ నెలలో అక్కడి ఆపరేషన్ గదిలో ఒక రోగికి కోలుకోలేని నష్టం జరిగింది. దాని మీద వేసిన విచారణ సంఘం ముందు నేను చెప్పవలసిన మాట చెప్పలేదు. ఆ రోజు వెంటిలేటర్ అలారం మోగింది. నాకు వినపడలేదు. వినపడకపోవడానికి కారణం నా చెవులేనని విచారణ రోజు నాటికి నాకు తెలుసు. ఆ సంగతి దాచినందువల్ల ఒక నర్సు వృత్తి పోయింది. ఆమె మీద పడిన నింద ఇంకా కొందరి మనసుల్లో ఉంది కాబట్టి జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

ముందు మా పని గురించి కొంత చెప్పాలి. అమెరికాలో మత్తు ఇచ్చేది డాక్టర్లు మాత్రమే కాదు. అందుకు ప్రత్యేకంగా శిక్షణ పొందిన నర్సులు కూడా ఇస్తారు. ఒక డాక్టరు రెండు మూడు గదులను పర్యవేక్షిస్తుంటే ప్రతి గదిలోనూ ఒక నర్సు మొదటి నుంచి చివరి దాకా రోగి తల దగ్గర స్టూలు మీద కూర్చుంటుంది. ఆమె భోజనానికి వెళ్ళినప్పుడు డాక్టరు వెళ్ళి ఆ స్టూలు మీద కూర్చోవాలి. దాన్ని రిలీఫ్ అంటారు.

ఆ నర్సుల్లో సుగుణ ఒకరు. తెనాలి వైపు మనిషి. అక్కడ మిషన్ ఆసుపత్రిలో నర్సుగా చేసి, ఇక్కడికి వచ్చాక మళ్ళీ చదివి మత్తు నర్సు అయింది. ఆదివారాలు తెల్లవాళ్ళ ఆరాధన ముగిశాక అదే చర్చి బేస్‌మెంట్‌లో మా తెలుగు ఆరాధన జరిగేది. సుగుణ, ఆమె భర్త ఆనందరావు, మా కుటుంబం అందరం ఆ సంఘం వాళ్ళమే. ఆసుపత్రిలో నన్ను 'డాక్టర్ గారూ' అని పిలిచేది. చర్చిలో 'అన్నయ్యా' అనేది. నా భార్య ప్రమీల ఆమెకు వదిన.

నాకప్పుడు యాభై ఏళ్ళు. చత్వారం నలభై నాలుగో ఏటే వచ్చింది. ముక్కు మీదికి జారే అర కళ్ళద్దాలు కొనుక్కున్నాను. దాన్ని ఎవరూ తప్పుగా అనుకోలేదు. నాకూ అది కొంత పెద్దరికంగానే ఉండేది. మోకాళ్ళు మెట్ల దగ్గర పట్టేసేవి. జుట్టుకు రంగు వేసుకునేవాణ్ణి. ఇవన్నీ నలుగురిలో నవ్వుతూ చెప్పుకోగలిగిన సంగతులు. వినికిడి తగ్గడానికి మాత్రం చత్వారంలాంటి గౌరవమైన పేరు మన భాషలో లేదు. ఉన్నది చెవుడు ఒక్కటే. ఆ మాటను మనం ఇంకొకళ్ళను తిట్టడానికి వాడతాం. ఇంట్లో ప్రమీల ఒకటికి రెండుసార్లు పిలవవలసి వస్తే, ఆమె గొంతు సన్నగా ఉంటుందని అనుకునేవాణ్ణి.

ఆ రోజు రోగి వాల్టర్ అనే స్కూలు బస్సు డ్రైవరు. వయసు నలభై ఏడు. పిత్తాశయం తీయాలి. సర్జన్ అరవై దాటినవాడు, చేయి తిరిగినవాడు. రేడియో పెట్టుకుని పనిచేయడం ఆయన అలవాటు. కేసు సగంలో ఉండగా నేను సుగుణకు రిలీఫ్ ఇవ్వడానికి వెళ్ళాను. ఆమె రోగి పరిస్థితి అంతా చెప్పి, మిషన్ చూపించి వెళ్ళింది.

ఆ రోజుల్లో రోగి రక్తంలో ఆక్సిజన్ ఎంత ఉందో వేలికి తగిలించి చూసే పరికరం మా దగ్గర లేదు. ఛాతీ మీద చిన్న స్టెతస్కోప్ బిళ్ళ అంటించి, దాని గొట్టాన్ని ఒక చెవిలో పెట్టుకుని ఊపిరి వింటూ ఉండాలి. చెవిలో పెట్టే ముక్కను ఎవరి చెవికి తగినట్టు వారికి పోత పోసి ఇస్తారు. సుగుణ తనది తీసుకుని వెళ్ళింది. నాది లాకర్‌లో ఉంది. అప్పటికి చాలాకాలంగా దాంట్లోంచి నాకు చప్పుడు సరిగా అందడం లేదు. కొత్త మిషన్లు వచ్చాక అది పాతకాలపు అలవాటు అని జూనియర్లతో అనేవాణ్ణి.

రోగి గొంతులోని ట్యూబుకూ వెంటిలేటర్ గొట్టానికీ మధ్య అతుకు ఒకటి ఉంటుంది. సర్జన్ గుడ్డలు సర్దుతున్నప్పుడు ఆ అతుకు వాటి కింద ఊడిపోయింది. మా వెంటిలేటర్‌లోని గాలితిత్తి పైనుంచి వేలాడే రకం. గొట్టం ఊడినా దాని బరువుకు అది కిందికి దిగుతుంది, మళ్ళీ పైకి లేస్తుంది. చూసేవారికి అంతా సవ్యంగా ఉన్నట్టే ఉంటుంది. అందుకే ఒత్తిడి పడిపోతే మోగే అలారం ఒకటి ఆ మిషన్‌కు అమర్చారు. చాలా సన్నని, కీచుమనే శబ్దం అది. దాన్ని ప్రతి కేసుకూ స్విచ్ వేసి ఆన్ చేసుకోవాలి. ఆన్ చేయడం మరిచిపోయేవాళ్ళు అన్ని ఆసుపత్రుల్లోనూ ఉండేవారు.

నేను అర కళ్ళద్దాలు పెట్టుకుని చార్టులో బీపీ అంకెలు వేస్తున్నాను. తిత్తి లేస్తోంది, దిగుతోంది. తలుపు తెరుచుకుంది. "అన్నయ్యా, గొట్టం!" అని సుగుణ అరిచింది. ఆసుపత్రిలో ఆమె నన్ను అలా పిలవడం అదే మొదటిసారి. సర్జన్ కూడా అప్పుడే రక్తం నల్లగా ఉందన్నాడు. ఆమె గుడ్డల కిందికి చేయి పెట్టి గొట్టం తగిలించింది. పద్ధతి ప్రకారం వెంటిలేటర్‌నూ దాని అలారాన్నీ ఆపేసి, రబ్బరు సంచిని చేత్తో నొక్కుతూ ఊపిరి ఇవ్వడం మొదలుపెట్టింది. ఆమె వేలు ఆ స్విచ్ తిప్పడం నేను చూశాను. గుండె మళ్ళీ దారిలో పడింది. మెదడు మాత్రం పడలేదు. వాల్టర్ కళ్ళు తెరిచాడు కానీ భార్యను గుర్తుపట్టలేదు. చెంచా పట్టుకోవడం మళ్ళీ నేర్పవలసి వచ్చింది. ఆయన ఇంటికి వెళ్ళలేదు. మంచాన పడ్డవాళ్ళను చూసుకునే నర్సింగ్ హోమ్‌లో రెండేళ్ళు ఉండి చనిపోయాడు.

ఆ సాయంత్రం మా విభాగాధిపతి అడిగితే అలారం మోగలేదని చెప్పాను. అప్పటికి నేను నిజంగా అదే నమ్ముతున్నాను. తను తలుపు తీసేసరికి మోగుతూనే ఉందనీ, తరువాత తనే ఆపాననీ సుగుణ చెప్పింది. స్విచ్ చూస్తే ఆఫ్‌లో ఉంది.

తరువాతి శనివారం ఇంట్లో భోజనం చేస్తున్నాం. మా అమ్మాయి రూత్ చెవులు మూసుకుని, "డాడీ, ప్లీజ్, మీ వాచ్ ఆఫ్ చేయండి" అంది. కొత్తగా కొన్న డిజిటల్ వాచీ అది. ఏమైందని అడిగాను. "బీప్ అవుతోంది కదా! రోజూ ఇదే టైమ్‌కి అవుతుంది. డైలీ!" అంది. "మీ డాడీకి నేను మూడుసార్లు పిలిచినా వినపడి చావదు, వాచీ కూత ఏం వినపడుద్దే," అని ప్రమీల నవ్వింది. వాచీని చెవికి ఆనించుకున్నాను. ఏమీ వినపడలేదు. నేనూ నవ్వాను. కంచంలో చేయి కడిగేశాను.

ఎవరికీ చెప్పకుండా, నన్నెవరూ ఎరగని రాక్‌ఫర్డ్ ఊరికి వెళ్ళి చెవి పరీక్ష చేయించుకున్నాను. పరీక్ష చేసినామె మర్యాదగా మాట్లాడింది. మాటలు, బొంగురు శబ్దాలు బాగానే వినపడుతున్నాయనీ, సన్నని శబ్దాలు మాత్రం రెండు చెవులకూ దాదాపు అందడం లేదనీ చెప్పింది. యాభై ఏళ్ళ మగవాళ్ళలో ఇది మామూలేనని ఓదార్చింది. నేనేం పని చేస్తానని అడిగింది. కాలేజీలో పాఠాలు చెబుతానని అన్నాను. కారులో కూర్చున్నాక, సుగుణ వేలు ఆ స్విచ్‌ను ఆన్ నుంచి ఆఫ్‌కు తిప్పడం గుర్తుకు వచ్చింది. ఆన్‌లో లేని దాన్ని ఎవరూ ఆఫ్ చేయరు.

విచారణకు ముందు ఆమెకు ఫోన్ చేశాను. నేను చేసిన పనుల్లో అన్నిటికంటే హీనమైనది ఇదే. తెల్లవాళ్ళ ముందు మనం మనం ఒకళ్ళ మీద ఒకళ్ళం చెప్పుకుంటే ఇద్దరం పోతామని అన్నాను. "నేను ఆన్ చేశానన్నయ్యా. దేవుని వాక్యం మీద ప్రమాణం చేసి చెబుతా," అంది. "చేసే ఉంటావమ్మా. కచ్చితంగా గుర్తులేదని మాత్రం చెప్పు. మిగతాది నేను చూసుకుంటాను," అన్నాను. తరువాత, "మీరు చెబితే సరేనండి," అంది.

విచారణ సంఘం ముందు ఆమె కచ్చితంగా గుర్తులేదనే చెప్పింది. తనకేమీ వినపడలేదని సర్జన్ చెప్పాడు. ఆయన వయసు నాకంటే పదేళ్ళు ఎక్కువ. ఆయన చెవుల గురించి కూడా ఎవరూ అడగలేదు. చేతికి పనిముట్లు అందించే నర్సు కొత్త పిల్ల. ఏదో కీచుమన్నట్టు అనిపించిందనీ, రక్తనాళాలు కాల్చే మిషన్ శబ్దమనుకున్నాననీ చెప్పింది. నన్ను అడిగినప్పుడు, అలారం మోగలేదు అన్నాను. ఇద్దరు సీనియర్ డాక్టర్ల మాట ఒకటైంది. స్విచ్ వేయడం మరిచిపోయిందన్న కారణంతో సుగుణను రాజీనామా చేయమన్నారు. మిగతాది చూసుకుంటానన్న నేను ఏమీ చూసుకోలేదు.

ఆ తరువాతి ఆదివారం జరిగింది కూడా చెప్పాలి. మా ఆరాధనలో సాక్ష్యాల సమయం ఉంటుంది. దేవుడు తమకు చేసిన మేలును ఎవరైనా లేచి చెప్పవచ్చు. సంఘ పెద్ద నా వైపు చూసి, డాక్టర్ గారు పెద్ద గండం దాటారు, నాలుగు మాటలు చెబుతారన్నాడు. నేను లేచాను. శోధనలో దేవుడు నన్ను నిలబెట్టాడని చెప్పాను. అందరూ స్తోత్రం అన్నారు. ఆడవాళ్ళ వైపు మూడో వరుసలో సుగుణ ఒళ్ళో బైబిలు పెట్టుకుని కూర్చుని ఉంది. ఆమె ఆ తరువాత మా సంఘానికి రాలేదు. మనిషిని అంత పని చేసి మొహం ఎలా చూపిస్తుందని కొందరు అన్నారు. విన్నాను. వాళ్ళు బొంగురు గొంతులతోనే మాట్లాడారు కాబట్టి బాగానే వినపడింది.

ఆ తరువాత ఆరేళ్ళు నేను ఉద్యోగం చేశాను. ఒంటరిగా రిలీఫ్‌కు వెళ్ళకుండా ఏదో ఒక వంక చెప్పేవాణ్ణి. మిషన్ దగ్గర నిలబడితే శబ్దం కోసం కాక పక్కవాళ్ళ ముఖాల కోసం చూసేవాణ్ణి. వాళ్ళు తల తిప్పితే నేనూ తిప్పేవాణ్ణి. నా వయసువాళ్ళు ఇంకా ఎందరు ఇలా నెట్టుకొస్తున్నారో నాకు తెలియదు. 1987లో, యాభై ఆరో ఏట, నడుము నొప్పి అని చెప్పి రిటైరయ్యాను. అదీ అబద్ధమే.

మరుసటి ఏడు ఆసుపత్రికి వెళ్ళి నిజం చెప్పాను. పాత విభాగాధిపతి వెళ్ళిపోయాడు. కొత్తాయన శాంతంగా విన్నాడు. సుగుణ రికార్డు సరిచేస్తామనీ, ఆమె మళ్ళీ దరఖాస్తు పెట్టుకోవచ్చనీ చెప్పాడు. ఆయన గొంతులో కోపం లేదు. నాకు శిక్ష వేయాలన్న ఆసక్తి అక్కడ ఎవరికీ లేదు.

ఈ వృత్తిలో ఉన్నవారికి నేను చెప్పగలిగింది ఇంతే. నలభై అయిదు దాటిన ప్రతి మత్తు డాక్టరుకూ చెవి పరీక్ష తప్పనిసరి చేయాలి. అలారాలకు బొంగురు శబ్దం కూడా కలపాలి. కళ్ళు, చెవులు, కీళ్ళు అరిగిపోవడం తప్పు కాదు. అరిగిన సంగతి తెలిశాక దాన్ని పక్కమనిషి మీద వేసి దాచుకోవడం తప్పు. ఆ తప్పుకు వయసు కారణం కాదు.

రికార్డు మాట చెప్పడానికి అదే వారం సుగుణ దగ్గరికి వెళ్ళాను. అపార్ట్‌మెంట్‌లో ఒక్కతే ఉంటోంది. ఆనందరావు మూడేళ్ళ కిందట పోయాడు. మత్తు నర్సుగా ఆమెను ఏ ఆసుపత్రీ తీసుకోలేదు. ముసలివాళ్ళ హోమ్‌లో మనుషులను లేపి కూర్చోబెట్టే పనిలో కుదిరింది. టీ ఇచ్చింది. కప్పును రెండు చేతులతో పట్టుకుంది. వేళ్ళ కణుపులు వాచి పక్కకు ఒరిగి ఉన్నాయి.

మళ్ళీ పనికి వెళ్ళవచ్చని చెబితే నవ్వింది. "ఈ వేళ్ళతోనా డాక్టర్ గారూ? రోగి నోట్లో ట్యూబు వేయడం మాట దేవుడెరుగు, పచ్చడి సీసా మూతే రావట్లేదు. పక్కింటి పిల్లను పిలుచుకుంటున్నా." తరువాత, "ఈ మాట మా ఆయన ఉన్నప్పుడు చెప్పాల్సింది. పైకి నమ్మినట్టే ఉండేవాడు. చివరి రోజుల్లో తను ఆసుపత్రిలో ఉన్నప్పుడు, పక్కనున్న మిషన్ స్విచ్ వేశారో లేదో చూడమని నాకే చెప్పాడు," అంది.

నేను రాక్‌ఫర్డ్ పరీక్ష గురించి చెప్పడం మొదలుపెట్టాను. సన్నని శబ్దాలు ఎలా పోతాయో, అది మనిషికి తెలియకుండానే ఎలా జరుగుతుందో వివరిస్తున్నాను. ఆమె చేయి ఎత్తింది.

"మీ చెవుల సంగతి నాకెందుకండీ? నా సంగతి చెప్పండి."

చెప్పాను. "సుగుణా, నువ్వు స్విచ్ వేశావు. అలారం మోగింది. నువ్వు తప్పు చేయలేదని తెలిసి కూడా గుర్తులేదని నీ చేత చెప్పించాను. నిన్ను పోగొట్టి నేను నిలబడ్డాను. నన్ను క్షమించమని అడగడానికి వచ్చాను."