పొద్దున్నే వేసిన మొదటి స్లైడు

దయ్యాల మాటెత్తితే మా ల్యాబులో మొదట నవ్వేది నేనే. బయోకెమిస్ట్రీలో ఎమ్మెస్సీ చేసినదాన్ని, ఏదైనా మైక్రోస్కోపు కింద పెట్టి చూస్తే గానీ నమ్మను. నా చిక్కంతా అక్కడే. నేను చెప్పబోయేది మైక్రోస్కోపు కిందే కనపడింది.

తొంభైల చివరి సంగతి. అనంతపురంలో చదువు ముగించి హిందూపురంలో ఒక చిన్న రక్తపరీక్షల ల్యాబులో చేరాను. పరిశోధన చేయాలని చదివి, తెల్లారి లేస్తే మూత్రం సీసాలకు చీటీలు అంటించే బతుకైంది. బెంగుళూరు పోయే రైలు కూత వినపడితే చాలు, కూర్చున్న చోట కూర్చోలేకపోయేదాన్ని. చివరికి అక్కడి పరిశోధనశాల ఒకటి ఇంటర్వ్యూకు పిలిచింది. దానికి వయసు పరిమితి ఉంది. ఈసారి తప్పితే ఇక లేదు.

నన్ను చదివించింది మా అక్క. అమ్మా నాయనా పోయాక ధర్మవరంలో పట్టుచీరలు నేసి నా చదువు లాక్కొచ్చింది. చెల్లెలు సైంటిస్టు అవుతుందని వీధంతా చాటింపు వేసిందీ తనే.

మా ల్యాబులో ఒక అలవాటుండేది. పొద్దున్నే పేషెంట్లు రాకముందు మన వేలే పొడుచుకుని, ఆ రక్తం చుక్కను గాజు స్లైడు మీద పరిచి, రంగు వేసి చూడాలి. మన రక్తం ఎప్పటిలా కనపడితే రంగు బాగున్నట్టు. ఆ తర్వాతే పేషెంట్ల స్లైడ్లు. మనదే కదా అని దానిమీద ఎవరమూ పేరు రాసేవాళ్లం కాదు.

ఇంటర్వ్యూకు రైలెక్కాల్సిన రోజు పొద్దున కూడా అలాగే చేశాను. చూస్తే ఎర్రకణాల నిండా ఉంగరాల్లాంటి మచ్చలు. మలేరియా, అదీ ప్రాణం తీసే రకం. నాకు ఒళ్లు వెచ్చగా కూడా లేదు.

మా డాక్టరు గారిని పిలిచాను. ఆయన మైక్రోస్కోపు మీంచి కన్ను తీయకుండానే, "ఈ మనిషి యాడుండాడు? తొందరగా పిలిపించమ్మా, టైము లేదు" అన్నారు.

నాదేనంటే నమ్మలేదు. తానే నా వేలు పొడిచి మళ్లీ చూశారు. ఏమీ లేదు. ఇంకోసారి చూసినా శుభ్రంగానే ఉంది. పాత స్లైడేదో కలిసిపోయి ఉంటుందన్నారు. కానీ ఆ స్లైడు తీసింది ఆ పొద్దున నేనే సీలు విప్పిన కొత్త పెట్టెలోంచి. ల్యాబు తాళం తీసిందీ నేనే. అప్పటికి ఒక్క పేషెంటూ గడప తొక్కలేదు.

నాకు నేనే సర్దిచెప్పుకుని, సర్టిఫికెట్ల సంచితో మధ్యాహ్నం స్టేషనుకు పోయాను. కూర్చోలేను, నిలబడలేను. ఈ మనిషి యాడుండాడు అన్న మాటే చెవుల్లో తిరుగుతోంది. బెంగుళూరు బండికి ఇంకా టైముంది. అంతలో ధర్మవరం ప్యాసింజరు వచ్చింది. ఎందుకెక్కానో తెలియదు, ఎక్కాను. పెనుకొండ కొండ కనపడేసరికి తెలివొచ్చింది. దిగి వెనక్కి పోదామని తలుపు దాకా వెళ్లాను. బండి ఆగింది, మళ్లీ కదిలింది, నేను దిగలేదు. చదివిన చదువంతా చేజేతులా గంగపాలు చేస్తున్నానని ఏడుపొచ్చింది.

అక్క మగ్గం పక్కనే చాప మీద దుప్పటి కప్పుకుని వణుకుతోంది. నన్ను చూసి లేవబోయింది.

"బెంగుళూరికి పోవల్ల కదే నువ్వు, ఈడికెందుకొస్తివి?"

జ్వరం వస్తూ పోతూ ఉందనీ, ఇంటర్వ్యూ అయ్యేదాకా నాకు చెప్పొద్దని అక్క ఒట్టు పెట్టించుకుందనీ బావ చెప్పాడు. నీరసమనుకుని అంగట్లో మాత్రలు తెచ్చి మింగిస్తున్నాడు. వెంటనే ఆటోలో ఆస్పత్రికి తీసుకుపోయాం. అక్కడి ల్యాబువాళ్లను బతిమాలి అక్క స్లైడు నేనే చూశాను. పొద్దున చూసిందే చూశాను. అవే ఉంగరాలు, అంతే కిక్కిరిసి ఉన్నాయి. ఆలస్యం చేసుంటే మెదడుకు ఎక్కేదని అక్కడి డాక్టరు అన్నారు.

అక్క బతికింది, ఇంటర్వ్యూ పోయింది. ఒళ్లు నెమ్మదించాక అక్క చేసిన మొదటి పని, ఇంటర్వ్యూ పోగొట్టుకున్నందుకు నాతో మాటలు మానేయడం. స్లైడు సంగతి చెప్పాకే మళ్లీ మాట కలిపింది.

నా స్లైడును తెలిసినవాళ్లకు చూపించాను. పేరు రాయలేదు కాబట్టి ఎవరిదైనా కావచ్చంటారు. వాళ్ల స్థానంలో ఉంటే నేనూ అదే అంటాను. కానీ ఆ పొద్దున నొప్పి పుట్టింది నా వేలికే. అది ఎట్లా జరిగిందో ఇన్నేళ్లయినా నా చదువుకు అందలేదు.

కొన్నేళ్లకు బెంగుళూరు చేరాను. పరిశోధన కాదు గానీ, పెద్ద ఆస్పత్రి ల్యాబు. ఇక్కడంతా మెషీన్లే, ఎవరూ వేలు పొడుచుకోనక్కర్లేదు. నేను మాత్రం పొద్దున్నే పొడుచుకుంటాను. జూనియర్లు నవ్వుకుంటారు, నవ్వనీ. స్లైడు శుభ్రంగా ఉన్నా సరే, మనసు ఆగక ధర్మవరానికి ఫోను చేస్తాను.

అక్క హలో అనదు.

"ఈ పొద్దు నా రక్తం ఎట్లుండాదే పాపా?" అంటుంది.