ఆడపిలుపు

మా తాతగారి సంతానమంతా ఒకచోట కలవాలన్నది మా ఆవిడ ఆలోచన. అన్నవరంలో సత్రం తీసుకుని, పొద్దున్న వ్రతం, మధ్యాహ్నం భోజనాలు, సాయంత్రం దాకా కబుర్లు. ఎవరెవరిని పిలవాలో ఒక నోటు పుస్తకంలో ఊళ్ళ వారీగా రాసి పెట్టుకుంది. ఆ తర్వాత జబ్బు చేసింది, పోయింది. సంవత్సరీకం అయ్యాక మా బాబాయి కొడుకు ఆ పుస్తకం సంగతి గుర్తుచేసి, వదిన అనుకున్నది చేసేద్దామన్నాడు. సరే అన్నాను. ఆ ఏడాదంతా ఎవరేమన్నా సరే అంటూనే ఉన్నాను. అడిగినవాళ్ళకి అన్నం తిన్నానని చెప్పేవాణ్ణి; తిన్నానో లేదో నాకే గుర్తుండేది కాదు.

వాడు వాట్సాప్‌లో గ్రూపు పెట్టాడు. ఒక్క పూటలో చుట్టాలంతా బొటనవేళ్ళు ఎత్తేశారు. పిలుపులంటే ఇంత సులువన్నమాట అనుకున్నాను. మిగిలింది తునిలో ఉన్న మా మేనత్త ఒక్కతే. ఆవిడకి అలాంటి ఫోను లేదు. ఉన్నా వేలు ఎత్తే రకం కాదు. ఎనభై దాటిన మనిషి, మా నాన్న తోడబుట్టినవాళ్ళలో ఇంకా ఉన్నది ఆవిడే. మా ఆవిడ పుస్తకంలో మొదటి పేరు కూడా ఆవిడదే. ఆవిడ రాకపోతే ఆ కలయిక ఎందుకో నాకు అర్థం కాలేదు.

అత్తయ్యకి ఒక పట్టింపు. మగవాడు వచ్చి చెబితే ఆ పిలుపు మావయ్యకి అందినట్టు. తనకి అందాలంటే పిలిచే ఇంటి ఆడమనిషి వచ్చి, గుమ్మంలో బొట్టు పెట్టి పిలవాలి. మా గృహప్రవేశానికి నేను ఫోనులో చెప్పి ఊరుకుంటే మావయ్య ఒక్కడే వచ్చి, శుభ్రంగా భోంచేసి, మీ అత్తయ్యకి ఒంట్లో బాగాలేదని చెప్పి వెళ్ళాడు. మర్నాడే మా ఆవిడ బస్సెక్కి తుని వెళ్ళింది. బొట్టు పెట్టి, ఇంకెప్పుడూ ఇలా జరగదని మాటిచ్చి వచ్చింది. అప్పటినుంచి ఏ శుభకార్యమైనా మా పిలుపులు తునిలోనే మొదలయ్యేవి.

ఇప్పుడు ఇంట్లో ఆడదిక్కు లేదు. బాబాయి కొడుకు భార్య తోడు వస్తానంది గానీ, తీరా ఆ రోజుకి జ్వరం తెచ్చుకుంది. వాయిదా వెయ్యొచ్చు. వేస్తే మళ్ళీ బయల్దేరలేనని నాకు తెలుసు. మా ఆవిడ పిలుపులకి పట్టుకెళ్ళే సంచి కొక్కేనికి వేలాడుతుంటే తీసుకుని రైలెక్కాను. అందులో ఏముందో చూడలేదు.

వెళ్ళేసరికి మావయ్య పడక్కుర్చీలో పేపరు చదువుతున్నాడు. అత్తయ్య వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చింది. గుమ్మంలో నిలబడే చెప్పాను, పౌర్ణమినాడని, సత్రం మాట్లాడామని, ఇద్దరూ ముందురోజే వచ్చెయ్యాలని. అంతా చెప్పి పక్కకి జరిగాను.

ముప్ఫై రెండేళ్ళ అలవాటు. నా మాట అయ్యాక నేను జరగాలి, వెనకనుంచి మా ఆవిడ కుంకుమ భరిణె పట్టుకుని ముందుకు రావాలి. జరిగి, అలాగే నిలబడ్డాను. అత్తయ్య కూడా నా వెనక్కి చూస్తూ నుదురు కాస్త ముందుకి వంచింది. ఆవిడదీ అలవాటే. వీధిలో ఒక ఆటో వెళ్ళింది. ఎవరూ రాలేదు.

నాకు సిగ్గేసింది. మావయ్య పేపరు మడిచి కిందపెట్టాడు.

"ఆ సంచి ఇలా తే," అంది అత్తయ్య.

సంచిలో ఎండిపోయిన తమలపాకులు, రెండు పిన్నీసులు, భరిణె ఉన్నాయి. మూత తీసింది. కుంకుమ గట్టిపడి, మధ్యలో మా ఆవిడ ఉంగరపు వేలు అద్దిన గుంట అలాగే ఉంది. అత్తయ్య ఆ గుంటలోనే వేలు పెట్టి, తన నుదుట తనే దిద్దుకుంది.

"మీ ఆవిడ పిలిచిందిరా. ముందురోజే వచ్చేస్తాం."

కళ్ళనీళ్ళు రావలసిన చోటు అదేనని తెలుస్తూనే ఉంది. రాలేదు. హమ్మయ్య, మాట నిలబడింది అనుకున్నాను, అంతే.

బొట్టు పెట్టి పిలిచిన ఆడమనిషిని ఉత్తచేతులతో పంపకూడదన్నది ఆవిడకి ఇంకో పట్టింపు. బయల్దేరుతుంటే చిలకపచ్చ జాకెట్టు ముక్క, రెండు అరటిపళ్ళు సంచిలో పెట్టింది.

అరటిపళ్ళు రైల్లో తినేశాను. సాయంత్రం ఇంటికి వచ్చి, జాకెట్టు ముక్క పట్టుకుని బీరువా తెరిచాను. టైలరుకి ఇవ్వాలంటే ఆది జాకెట్టు కావాలి కదా అని పై అరలో, కింది అరలో, చీరల మడతల కింద వెతికాను. దొరికింది. రెండూ సంచిలో వేసుకుని, చెప్పులు తొడుక్కుని, గేటు దాకా వెళ్ళాక గానీ ఎవరికి కుట్టించబోతున్నానో గుర్తు రాలేదు.