ఆంటీ రంగు జోలికి రావద్దు

ఆంటీ పోయారన్న కబురు మా ఫొటోల వాట్సాప్ గ్రూపులో వచ్చింది. నోయిడాలో ఆఫీసు క్యాంటీన్లో కూర్చుని పెరుగన్నం కలుపుకుంటున్నాను. "మన సీనియర్ మెంబర్ రిటైర్డ్ సిస్టర్ గారు ఈ ఉదయం ప్రభువునందు నిద్రించారు" అని అడ్మిన్ గారు పెట్టారు. కింద అప్పుడే చేతులు జోడించిన బొమ్మలు వరస కట్టాయి. బాక్సు మూత కూడా పెట్టకుండా లేచి, యమునా బ్యాంక్ దగ్గర రైలు మారి వైశాలి చేరాను. దారంతా కళ్ళు పొడిగానే ఉన్నాయి. ఆంటీ ఇంట్లో అడుగు పెట్టేసరికి పట్టపగలు ట్యూబులైట్లన్నీ వెలుగుతున్నాయి. ఆవిడ ఉండగా అది జరిగే పని కాదు. అప్పుడు ఏడుపొచ్చింది.

పోయినవాళ్ళ గురించి రాసేటప్పుడు మనసు మెత్తగా ఉండాలంటారు. నాది మెత్తగా లేదు. ఆవిడ నాకు నేర్పిన విద్యలు రెండు: ఒకటి ఫొటో తియ్యడం, రెండోది పగ పట్టడం. మొదటిదాంట్లో నేను ఇప్పటికీ అంతంతమాత్రమే. రెండోదాంట్లో మాత్రం ఆవిడ పేరు నిలబెట్టాను. ఎలాగో చెబుతాను.

నేను వైశాలిలో అద్దెకున్న రోజుల్లో ఆవిడ మా పై అంతస్తు. పాలకొల్లు దగ్గర పల్లె నుంచి నర్సింగు చదివి ఢిల్లీ వచ్చి, ఒక పెద్దాసుపత్రిలో సిస్టర్ ఇన్‌ఛార్జిగా రిటైరయ్యారు. మనిషి నిఖార్సయిన నలుపు. ఆ సంగతి ఎవరైనా "చామనఛాయ" అని సర్దబోతే మండిపడేవారు. "నలుపుని నలుపు అనడానికి నోరు రాదా నీకు? నేనేమైనా రోగం పేరు చెప్పమన్నానా?" అనేవారు.

ఫొటోల పిచ్చి ఆవిడకి ఎలా పట్టిందో నాకు మొదటి పరిచయంలోనే చెప్పారు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆసుపత్రి వార్షికోత్సవానికి గ్రూపు ఫొటో తీశారట. డాక్టర్లు కుర్చీల్లో, నర్సులు వెనక నిలబడి. ఫ్రేము కట్టి వరండాలో వేలాడదీశారు. "మా వరసలో తెల్ల యూనిఫారాలు ఉన్నాయమ్మాయ్, మొహాల్లేవు. టోపీ కింద చీకటి, చీకటి కింద పళ్ళు. ఆ ఫొటోగ్రాఫర్ని పట్టుకుని అడిగితే ఏమన్నాడో తెలుసా? 'సిస్టర్, కెమెరా ఏం చేస్తుంది, మీరు అలా ఉంటే' అన్నాడు." ఆ మాటతో ఆవిడ కెమెరా కొనుక్కున్నారు. వాడి పేరు చనిపోయేదాకా మర్చిపోలేదు. నాకూ చెప్పారు. రాయను, కానీ నేనూ మర్చిపోలేదు.

నేను అప్పుడే బోనస్ వస్తే మోజుపడి పెద్ద కెమెరా కొన్నాను. మా పాపని బాల్కనీలో నిలబెట్టి తీస్తే వెనక ఆకాశం భలే నీలంగా వచ్చేది, పిల్ల మొహం మాత్రం బొగ్గు. పైనుంచి బట్టలారేస్తూ ఆవిడ చూశారు. "ఎవర్ని తీస్తున్నావు, పిల్లనా, ఆకాశాన్నా?" అన్నారు. పిల్లనే అన్నాను. "అయితే కెమెరాకి ఆ సంగతి చెప్పు. దానికేం తెలుసు, వెలుగెక్కడుంటే అటే చూస్తుంది, మన బంధువుల్లాగే. ఆ వెలుగు పెంచే చక్రాన్ని ప్లస్ గుర్తు వైపు తిప్పు. ఆకాశం పోతే పోనీ, రేపూ వస్తుంది. మొహాన్ని కాపాడు."

తిప్పాను. ఆకాశం తెల్లకాగితంలా పోయింది. నా కూతురు కనపడింది, నా రంగులో, నా ముక్కుతో. అంతవరకూ ఏ ఫొటోలోనూ అది నా కూతురిలా లేదు. "మమ్మా, యే తో మైఁ హూఁ!" ఇది నేనే అని అది గెంతింది. నేను మెట్లెక్కి పైకి వెళ్ళాను. తర్వాత చాలా ఏళ్ళు ఎక్కుతూనే ఉన్నాను.

ఆవిడ పాఠాలన్నీ వంటింటి కిటికీ దగ్గరే. ముందు లైట్లన్నీ ఆపించేవారు. "ఫొటో నేర్చుకోవడమంటే స్విచ్చులు ఆపడం నేర్చుకోవడమే సగం." మనిషిని కిటికీకి పక్కగా కూర్చోబెట్టి, ఒళ్ళో తెల్ల దుప్పటి పరిచేవారు. కిటికీ వెలుగు దుప్పటి మీద పడి గడ్డం కిందికీ కళ్ళ కిందికీ చేరేది. స్టూడియోవాళ్ళు గొడుగులు పెట్టి చేసే పని ఆవిడ ఉతికిన దుప్పటితో చేసేవారు. "తెల్లబట్ట మా మొహాలు మింగేసింది కదా, ఇప్పుడు దాని చేతే ఊడిగం చేయిస్తున్నా" అని నవ్వేవారు. ఆ నవ్వు చూస్తే భయం వేసేది.

జూమ్ వాడితే ఊరుకునేవారు కాదు. కాళ్ళు పడిపోయాయా, నాలుగడుగులు ముందుకెయ్యి అనేవారు. నొక్కేముందు ఫ్రేము నాలుగు మూలలూ చూడాలి, వార్డులో మంచం దుప్పటి మూలలు చూసినట్టు. పొగమంచులో బయట తిరిగొచ్చాక కెమెరాని సంచీలోంచి వెంటనే తియ్యకూడదు, గది వేడికి అది అలవాటు పడేదాకా ఆగాలి, లేకపోతే అద్దం చెమర్చి పాడవుతుంది. తీసినవాటిలో బాగున్నది ఒక్కటైనా కాగితం మీద వేయించాలి. "ఫోన్లో ఉన్న ఫొటో ఐసీయూలో ఉన్నట్టేనే. ప్రాణం ఉంది, మనిషి మనకి లేడు." ఒక చోట బాగా రాకపోతే కొత్త చోటు వెతకనిచ్చేవారు కాదు. అదే సందుకి, అదే టీ కొట్టుకి, మళ్ళీ ఇంకో వెలుతురులో పంపేవారు.

అన్నిటికన్నా వింత సలహా మరొకటి. "కోపమున్న వాళ్ళని తియ్యి. ఇష్టమున్న వాళ్ళని మనం సరిగ్గా చూడం, చూశామనుకుంటాం. పగ ఉన్నవాడి మొహంలో ప్రతి గీతా కనిపిస్తుంది." నేను మా టీమ్ లీడర్‌ని తీసి చూపించాను. నా జీవితంలో నేను తీసిన మొదటి మంచి పోర్ట్రెయిట్ అదే. ఆయన ఇప్పటికీ దాన్నే ప్రొఫైల్లో పెట్టుకున్నాడు, పిచ్చి మారాజు.

ఇక గ్రూపు సంగతి. శనివారాలు కెమెరాలేసుకుని తిరిగే తెలుగువాళ్ళం కొందరం. లోధీ తోటలో మొదలుపెట్టి, ఎండెక్కాక అశోకా రోడ్డులోని తెలుగు క్యాంటీన్లో పప్పూ గోంగూరా తిని ఇళ్ళకి పోయేవాళ్ళం. దీనికి అడ్మిన్ గారు వసంత్ కుంజ్‌లో ఉంటారు, పెద్ద కంపెనీలో పెద్ద ఉద్యోగం, హైదరాబాద్ మనిషి. చెడ్డవాడని చెప్పలేను. అందరికీ మంచినీళ్ళు తెస్తారు, ఎవరి కెమెరా బిగుసుకుపోయినా బాగుచేస్తారు. కానీ ఆయన దగ్గరికి వెళ్ళిన ప్రతి ఫొటో కంప్యూటర్లో స్నానం చేసి, పౌడరు రాసుకుని బయటికొస్తుంది.

ఒక చలికాలం ఉదయం ఆసుపత్రి గేటు దగ్గర డ్యూటీ దిగిన ముగ్గురు నర్సులు, మన వైపు పిల్లలే, స్వెట్టర్ల కింద యూనిఫారాలతో టీ తాగుతుంటే ఆంటీ తీశారు. పొగమంచు, టీ ఆవిరి, మూడు నల్లటి మొహాలు, ఆరు అలిసిన కళ్ళు. ఆవిడ తీసినవాటిల్లో అంతకన్నా మంచిది లేదు. దాన్ని అడ్మిన్ గారు తెలుగు సంఘం క్యాలెండర్‌కి ఇచ్చారు. అచ్చయి వచ్చేసరికి ముగ్గురూ గోధుమ రంగు తిరిగారు. కళ్ళ కింద అలసట తుడిచేశారు. కింద ఆంటీ పేరు పెద్దక్షరాల్లో.

"నా పేరు తీసేసినా ఊరుకుందునమ్మాయ్," అన్నారావిడ, క్యాలెండర్ ఒళ్ళో పెట్టుకుని. "ఇది నేను తీశానని రాశాడే."

ఆ ముగ్గురి దగ్గరికీ ఆవిడే స్వయంగా వెళ్ళి అసలు ప్రింట్లు ఇచ్చి వచ్చారు. అడ్మిన్ గారితో పోట్లాడలేదు, మాట్లాడ్డం మానేశారు. ఆదివారం చర్చిలో పాటలన్నీ గొంతెత్తి పాడేవారు. "క్షమించమన్నాడు కదా ఆంటీ దేవుడు" అన్నాను ఒకసారి ఆటపట్టించడానికి. "అన్నాడు. ఎప్పటిలోగా అన్నది చెప్పలేదు" అన్నారు.

పోయినేడాది చలికాలంలో నేను చూడ్డానికి వెళ్తే, వంటింటి కిటికీ పక్కన తనే కుర్చీ వేసుకుని, ఒళ్ళో దుప్పటి పరుచుకుని కూర్చున్నారు. "నన్ను తియ్యి" అన్నారు. ఎన్నడూ అడిగి తీయించుకోని మనిషి. ఎటు నిలబడాలో, ఎంత దగ్గరికి రావాలో తనే చెప్పారు. నేను తీశాక కెమెరా లాక్కుని చూసుకున్నారు. "ఇది నేను," అన్నారు. "నేను పోయాక ఎవడో ఒకడు నా మొహానికి సున్నం కొడతాడు. నువ్వు బతికుండగా అది జరిగితే మాత్రం నీ మొహం నాకు చూపించకు, పైకొచ్చాక కూడా." మాటిచ్చాను.

సమాధి అయిపోయింది. వారానికి జ్ఞాపకార్థ కూడిక. రెండు రోజుల ముందు అడ్మిన్ గారు ఫ్లెక్సీ డిజైన్ గ్రూపులో పెట్టారు. ఏదో పిక్నిక్ ఫొటోలోంచి ఆంటీని కత్తిరించి, మొహం పాలల్లో ముంచి తీసి, వెనక మబ్బులు పెట్టారు. వెంటనే ఫోన్ చేశాను.

"ఇదేంటండీ?"

"ఏమైంది మేడం? ఒరిజినల్ చాలా డల్‌గ ఉండె. కొంచెం గ్లో ఇచ్చిన, అంతే."

"ఆవిడ డల్‌గా ఉండేవారా?"

"అట్ల కాదండీ. పోయినావిడ గౌరవంగ కనపడాలె కదా నలుగుర్ల."

ఫోన్ పెట్టేశాను. అంత కోపం వస్తే ఒళ్ళు చల్లబడుతుందని అప్పుడే తెలిసింది. ఆంటీ అబ్బాయికి చేశాను. తల్లి పోయిన పిల్లవాడు, పాపం, అలిసిపోయి ఉన్నాడు. "అక్కా, ప్లీజ్, ఝగడా వద్దు. ఫ్లెక్సీ ఆల్రెడీ ప్రింట్‌కి వెళ్ళిపోయింది. స్టేజ్ మీద మీకేది కావాలంటే అది పెట్టండి" అన్నాడు. ఠీక్ హై అన్నాను. నాకు ఆ స్టేజీ చాలు.

లక్ష్మీనగర్లో ప్రింట్లు వేసే ల్యాబుకి వెళ్ళాను. తెర మీద ఆంటీ మొహం నిండుగా పరుచుకుంది. అక్కడి కుర్రాడు మౌస్ పట్టుకుని అలవాటుగా అడిగాడు, "దీదీ, థోడా గోరా కర్ దూఁ? సబ్ కర్‌వాతే హైఁ." కాస్త తెల్లగా చేస్తాడట, అందరూ చేయించుకుంటారట. "భయ్యా, ఆ చెయ్యి కదిలిందంటే చూడు" అన్నాను తెలుగులోనే. అర్థమైంది వాడికి. నిలువెత్తు ప్రింటు వేయించి అట్టకి అతికించమన్నాను. అద్దం వద్దన్నాను. అద్దంలో చూసేవాళ్ళ నీడలు పడతాయి, ఆంటీ మొహంలో ఎవరి మొహమూ పడకూడదు.

కూడిక రోజు అందరికన్నా ముందు చర్చికి చేరాను. గేటుకి ఫ్లెక్సీ కట్టేసి ఉంది, మబ్బుల్లో తెల్లటి ఆవిడ నవ్వుతోంది. దాని వంక చూడకుండా లోపలికి వెళ్ళి, వేదిక పక్కన కిటికీ వెలుగు పడేచోట నా ప్రింటు నిలబెట్టి, ఆ వైపు ట్యూబులైట్లు ఆపేశాను. పాత నర్సులు వచ్చి చూసి ఒకరి చెయ్యి ఒకరు పట్టుకున్నారు. అడ్మిన్ గారూ వచ్చారు. "కొంచెం డార్క్ అయినట్టుంది మేడం," అన్నారు నెమ్మదిగా. "అయింది," అన్నాను.

అప్పుడు ఆంటీ అక్కగారు వచ్చారు. సమాధికి అందుకోలేకపోయారు. పాలకొల్లు నుంచి రైల్లో వచ్చి, స్టేషన్నుంచి నేరుగా దిగారు. ముసలావిడ, చెల్లెలి కన్నా ఒక చాయ ఎక్కువే నలుపు. అబ్బాయి చెయ్యి పట్టుకుని లోపలికి నడిపించాడు. అడ్మిన్ గారు మైకు సరిచేస్తున్నవారు ఆగి, వంగి నమస్కారం పెట్టారు. ఆవిడ ప్రతినమస్కారం చేసి, గేటు వైపు చూపిస్తూ జాలిగా అడిగారు.

"బయట ఎవరమ్మా ఆ తెల్లావిడ? పాపం వాళ్ళ కూడికా ఇవాళేనా?"

అబ్బాయి తల దించుకున్నాడు. నేను మాత్రం దగ్గరికి వెళ్ళి, చెయ్యి పట్టుకుని, "పెద్దమ్మగారూ, మైకు గోలలో సరిగ్గా వినపడలేదు. ఇంకోసారి చెప్పండి" అన్నాను. ఆవిడ మంచి మనిషి. ఇంకొంచెం గట్టిగా చెప్పారు. అడ్మిన్ గారి మొహం వంకే చూస్తూ విన్నాను. ప్రతి గీతా కనపడింది. అది పాపమైతే దేవుడితో నేను మాట్లాడుకుంటాను.

తర్వాత ఆవిడ వేదిక వైపు తిరిగారు. చెల్లెల్ని చూశారు. నడకకి ఇంకొకరి సాయం కావలసిన మనిషి అబ్బాయి చెయ్యి వదిలేసి ఒక్కరే వెళ్ళిపోయారు. "ఇదిగో, ఇక్కడున్నావా," అని అరచెయ్యి చెంప మీద ఆనించి, అక్కడే నిలబడి ఏడ్చారు.

ఆవిడ చెయ్యి తీశాక, నున్నటి ప్రింటు మీద చెంప దగ్గర అరచేతి తడి అచ్చు పడి ఉంది, అయిదు వేళ్ళతో సహా. కిటికీ వెలుతురులో మెరుస్తోంది. అడ్మిన్ గారు చొక్కా జేబులోంచి లెన్సు తుడుచుకునే గుడ్డ తీసి, సాయం చేద్దామనే, దాని మీదికి వంగారు.

"ముట్టుకోకండి," అన్నాను.

ఆయన చేతిలో గుడ్డతో అలాగే ఆగిపోయారు. చెంప మీద ఆ చెయ్యి తనంతట తను ఆరిపోయేదాకా నేను అక్కడి నుంచి కదల్లేదు.