పదో గల్లీ అయిదో నంబరు అంగి

మా మహబూబ్‌నగర్ వైపు నుంచి ముంబయికి పని కోసం వెళ్లేవాళ్లే ఎక్కువ. నేను మాత్రం మా నాన్న పేరు చెప్పించడానికి వెళ్లాను. నాన్న పేరు జంగయ్య. ఇప్పుడు మా పట్టణంలోనే గోడలకు ప్లాస్టరింగ్ చేస్తాడు. నేను పుట్టకముందు మూడు సీజన్లు ముంబయిలో భవనాల పనికి వెళ్లాడు. సీజన్ అంటే దసరా తర్వాత వెళ్లి వానలకు ముందు తిరిగి రావడం. ఆ రోజుల్లో ఆదివారాలు కామాటిపుర పదో గల్లీ ఫుట్‌బాల్ జట్టుకు స్టాపర్‌గా ఆడాడు. గోల్‌కీపర్‌కు ముందు, నడిమధ్యన నిలబడి ఎదుటి జట్టును ఆపేవాడిని అక్కడ స్టాపర్ అంటారు. స్టాపర్‌ది అయిదో నంబరు అంగి.

ఆ అంగిని తొడగడానికి ఒక పద్ధతి ఉంది. దసరా తర్వాత మొదటి మ్యాచ్‌కు ముందు జట్టు పెద్దమనిషి పాత స్టాపర్ల పేర్లు వరసగా చెబుతాడు, ఫలానా ఆయన తొడిగిన అంగి, ఫలానా ఆయన తొడిగిన అంగి అని. పేర్లన్నీ అయ్యేదాకా ఆటగాడు చేతులు పైకెత్తి, తల అంగి లోపలే ఉంచి నిలబడాలి. పోయిన ఏడాది అక్కడ పనికి వెళ్లిన మా చుట్టం ఒకతను ఆ తంతును ఫోన్లో తీసి పంపాడు. నాన్నా నేనూ కలిసి చూశాం. పేర్లు చెబుతున్నది ఆ వరసలోనే ఉన్న నర్సింలు. ఎల్లయ్య, రాజయ్య, నర్సింలు, చివరన అప్పటికి ఆడుతున్న పోశెట్టి. అంతే. రాజయ్యకూ నర్సింలుకూ మధ్య రావలసిన పేరు రాలేదు. నాన్న ఫోను నా చేతికిచ్చి, "నర్సింలు గొంతు ఇంకా మంచిగనే ఉన్నది" అని చేతులకంటిన సిమెంటు కడుక్కోవడానికి లేచాడు.

మా ఇంట్లో బడి మెట్టెక్కిన మొదటి మనిషిని నేను. గురుకులంలో అమ్మాయిల జట్టుకు నేనూ స్టాపర్‌నే. ఇప్పుడు ఒక చిన్న బడిలో చదువు చెబుతున్నాను. హాజరు పిలిచేటప్పుడు ఒక పిల్ల పేరు దాటిపోతే ఆ పిల్ల మొహం ఎలా ఉంటుందో నాకు తెలుసు. "ఎందుకు బిడ్డా, గాళ్ల జట్టు, గాళ్లిష్టం" అన్నాడు నాన్న. నేను టికెట్ తీసుకున్నాను.

మహబూబ్‌నగర్ నుంచి హైదరాబాదుకు బస్సులో రెండున్నర గంటలు పడుతుంది. మధ్యాహ్నం రైలు ఎక్కితే మరుసటి రోజు తెల్లవారేసరికి దాదర్‌లో దిగవచ్చు. స్లీపర్ టికెట్ నాలుగు వందల పైచిలుకు. స్టేషన్ బయట టాక్సీ అతనికి కామాటిపుర అని చెప్పాను. నన్నూ నా సంచినీ చూసి, "ఉధర్ క్యూం, బేటీ?" అన్నాడు. అక్కడికెందుకమ్మా అని.

"మేరా బాప్ ఉధర్ ఖేలా" అన్నాను. మా నాన్న అక్కడ ఆడాడని. నా హిందీ అంతమాత్రమే.

"ఖేలా? క్యా ఖేలా?"

"ఫుట్‌బాల్."

అతను పెద్దగా నవ్వి, కిరాయి కూడా అంతే పెద్దగా చెప్పాడు. నేను వంతెన ఎక్కి పశ్చిమ లైను వైపు దిగి, స్లో లోకల్‌లో ఆడవాళ్ల డబ్బా ఎక్కాను. గ్రాంట్ రోడ్‌కు టికెట్ ఐదు రూపాయలు. తూర్పు వైపు బయటకు వస్తే పావుగంట నడక.

బయలుదేరే ముందు మా బడిలో తోటి టీచరు కూడా టాక్సీ అతను అడిగిందే అడిగింది. "అక్కడికా? ఆడపిల్లవు, ఒక్కదానివి." ఆ పేరు వినగానే అందరికీ రెడ్‌లైట్ గల్లీలే గుర్తొస్తాయి. అలా అడిగేవాళ్లందరికీ నా జవాబు ఒక్కటే. ఈ నగరాన్ని కట్టడానికి వచ్చిన మన కామాటీల పేరు ఆ పేటకు పెట్టారు. ఆ పేరు పలకడానికి నేను గొంతు తగ్గించను. పొద్దున్నే గల్లీల్లో అంతా నీళ్లు పట్టుకుంటున్నారు, అరుగుల మీద పళ్లు తోముకుంటున్నారు, చిన్న చిన్న కార్ఖానాల షట్టర్లు లేపుతున్నారు. గుమ్మంలో కూర్చుని జడ అల్లుకుంటున్న ఒకామె పదో గల్లీ ఎటో చెప్పి, నా సంచి జిప్పు తెరిచి ఉందని కూడా చెప్పింది.

నేను దిగింది చంద్రవ్వ ఖానావళిలో. ఒంటరిగా ఉండే పనివాళ్లకు భోజనం వండిపెట్టే గది అది. చాల్ అనే వరస గదుల పాత భవనంలో, రెండో అంతస్తులో ఉంటుంది. నిటారుగా ఉన్న చెక్క మెట్లకు చెయ్యి పట్టుకోవడానికి ఒక తాడు వేలాడుతుంది. జొన్నరొట్టె, పప్పు, ఉల్లిగడ్డ కారం కలిపి ఎనభై రూపాయలు. నాన్న కూడా ఇక్కడే తినేవాడు. నేను పేరు చెప్పకముందే ఆమె పెనం దింపి నా వైపు చూసింది.

"జంగయ్య బిడ్డవు గదా? మెట్లెక్కుడు జూస్తెనే తెల్సింది. గాయిన గూడ గిట్లనే, ముందుగాల తాడు గుంజి జూసి ఎక్కేటోడు."

"నాయన పేరెందుకు చెప్తలేరు అవ్వా?"

"ఆ ముచ్చట నన్నడుగకు. పొద్దుమీకి చాయ్ దుకాణంకాడ కూసుంటరు, ఆళ్లనే అడుగు. నేను గూడ వస్త. కొట్లాట జూడక చాన దినాలయింది."

సాయంత్రం గల్లీ మూలన చాయ్ దుకాణం ముందు రేపటి మ్యాచ్ గురించిన ముచ్చట్లు అప్పటికే వేడిగా ఉన్నాయి. బెంచీ మీద ఎడమకాలు చాపి కూర్చున్నాయనే నర్సింలు కాకా. దక్షిణాన ఏదో ఆఫీసు భవనంలో లిఫ్టు నడుపుతాడు. పేర్లు చెప్పే పెద్దమనిషి ఆయనే. పక్కన ఒక ముసలాయన మిల్లు రాజయ్యను పొగుడుతున్నాడు.

"స్టాపర్ అంటే రాజయ్యనే. మిల్లుల రాత్రిపాళి జేసి, నిద్రలేకుంట వచ్చి ఆడేటోడు. తలతోని గుద్దితే బంతి నాగపాడ సిగ్నల్ దాంక పోయేది."

"పోయేది. దాన్ని తేనీకి ఉరికినోన్ని నేను" అన్నాడు నర్సింలు కాకా. "తల ఉండె ఆయనకు. కాళ్లు లేకుండె."

"నీకు కాళ్లుండె, తల లేకుండె" అంది చంద్రవ్వ, నా వెనక నుంచి. గ్లాసులు కడిగే ఆయన కూడా నవ్వాడు.

"పోశెట్టి?" అన్నారు ఎవరో.

"పోశెట్టి బూట్లు మంచియి. బూట్లు ఖరాబయితయని బంతికి దూరం ఉండేటోడు."

అప్పుడు నేను ముందుకు వెళ్లి నిలబడ్డాను. "నేను జంగయ్య బిడ్డను కాకా."

"ఏ జంగయ్య?"

"మూడు సీజన్లు మీ అయిదో నంబరు అంగి తొడిగిన జంగయ్య."

"ఓ, ఖంబా" అన్నాడు ఆయన. స్తంభం అని అర్థం. "గ్రౌండుల పాతినట్టు నిలవడేటోడు. మూడేండ్లల్ల ఒక్కపారి కింద పడలే. నిక్కరు ఉతుక్కునే పని లేకుండె గాయినకు."

అక్కడి అభిమానుల దృష్టిలో స్టాపర్ గొప్పతనమంతా నేలమీద జారి, ఎదుటివాడి కాళ్ల ముందు నుంచి బంతిని తన్నేయడంలో ఉంది. అలా జారడంలో నర్సింలు కాకాను మించినవాడు లేడని అందరూ ఒప్పుకుంటారు.

"పడకుంటే గోల్స్ అయినయా కాకా?" అని అడిగాను.

"గోల్స్ ముచ్చట గాదు బిడ్డా. స్టాపర్ అన్నోడు గల్లీ కోసం పడాలె." ప్యాంటు పైకి లాగి మోకాలు చూపించాడు. ఎటూ వంగని, మచ్చల మోకాలు. "ఇది గల్లీకిచ్చిన. మీ నాయన ఏమిచ్చిండు?"

ఇలాంటి ప్రశ్న ఎదురవుతుందనే రైల్లో రాత్రంతా జవాబు వెతుక్కున్నాను. "మీ కాలు విరిగితే పండుకోనీకి ఖోలీ ఉండె, బువ్వ పెట్టనీకి అమ్మ ఉండె. మా నాయన పనికాడ పరంజా కిందనే పండుకునేటోడు. సోమారం పొద్దున పరంజా ఎక్కకపోతే గుంపు మేస్త్రి ఇంకోన్ని ఎక్కిస్తుండె. అందుకే పడకుండ ఆపుడు నేర్చుకున్నడు. పడుడు సులువు కాకా."

"సులువా?" ఆయన మోకాలి మీద తట్టాడు. "గా మాట దీనికి చెప్పు."

ఎవరూ నవ్వలేదు. నేను మాట వెనక్కి తీసుకోలేదు.

అప్పటిదాకా ఒక కుర్రాడు బండి మీదే కూర్చుని వింటున్నాడు. వెనక పెద్ద డబ్బా సంచి. ఇళ్లకు భోజనాలు అందించే పని. అతని పేరు సాగర్. రేపు అంగి తొడగబోయేది అతనే. అతనూ జారడని గల్లీలో అప్పుడే ఎగతాళి మొదలైందట. మరాఠీ పిల్లల్లాగా నన్ను తాయీ అని పిలిచాడు, అక్కా అని.

"తాయీ, పడకుండ ఎట్ల ఆపెటోడు? ఖరంచ్, నిజం చెప్పు."

చెప్పాను. కింది నుంచి ఒకరు ఇటుక విసిరితే పరంజా మీద ఉన్నవాళ్లు పట్టుకోవాలి. ఇటుకను చూస్తూ నిలబడితే చెయ్యి ఆలస్యమవుతుంది. విసిరేవాడి భుజాన్ని చూడాలి. ఇటుక ఎక్కడికి వస్తుందో ముందే భుజం చెబుతుంది. నాన్న ఫార్వర్డ్‌లను కూడా అలాగే చూసేవాడట. నేను గురుకులంలో జారి జారి మోకాళ్లు చీరుకుని ఇంటికొచ్చినప్పుడు నాకూ ఇదే చెప్పాడు. సాగర్ బండి దిగి, చాయ్ దుకాణం ముందే రెండడుగులు పక్కకు వేసి చూసుకున్నాడు.

"నేర్పు, మంచిగ నేర్పు" అన్నాడు నర్సింలు కాకా. "ఇంకో ఖంబా తయారయితడు."

"నర్సింలూ" అంది చంద్రవ్వ, "మూడు సీజన్లు జంగయ్య నిన్ను బెంచీ మీద కూసోబెట్టిండని గాదూ నీ కడుపుమంట?"

ఆయన చాయ్ గ్లాసు బెంచీ మీద పెట్టాడు. "ఔ, కూసున్న" అన్నాడు. "మా తాత వచ్చిన కాడికెంచి ఈ గల్లీలనే ఉన్నం. వానలు పడంగనె ఊరికి పోయెటోనికి అంగి ఇచ్చిన్రు, నన్ను నీళ్ల సీసాలు మొయ్యమన్నరు. సీజన్ మనుషుల పేరు రేపు గూడ చెప్ప."

"అయితే నేనే చెప్తా."

"నోరు నీది, నేనెట్ల ఆపుత? గని మధ్యల ఎవలన్న మాట్లాడితే మళ్ల మొదట్నించి చెప్పాలె. గది ఎరుకేనా?"

"ఎరుకే. నా రైలు రాత్రికి."

ఆదివారం తొమ్మిది కాకముందే అందరం మైదానానికి నడిచి వెళ్లాం. నాగపాడ వైపు, పది నిమిషాల దూరం. గడ్డి లేదు, ఎర్రమట్టి. టికెట్ లేదు. గోడ మీద చోటు కావాలంటే త్వరగా వెళ్లాలి. జట్టు గుండ్రంగా నిలబడింది. సాగర్ చేతులు పైకెత్తి అంగిలోకి దూరాడు. నర్సింలు కాకా అంగి అంచు పట్టుకుని మొదలుపెట్టాడు. నాన్న చెప్పింది నిజమే, గొంతు చాలా బాగుంటుంది.

"మేస్త్రి ఎల్లయ్య తొడిగిన అంగి. మిల్లు రాజయ్య తొడిగిన అంగి. నర్సింలు..."

"జంగయ్య తొడిగిన అంగి" అన్నాను.

గోడ మీది తలలన్నీ తిరిగాయి. కాకా నా వైపు చూడలేదు. గొంతు సవరించుకుని మళ్లీ ఎల్లయ్య దగ్గర మొదలుపెట్టాడు. రాజయ్య దాటాడు. నేను మళ్లీ చెప్పాను. ఎదుటి జట్టువాళ్లు నవ్వడం మొదలుపెట్టారు. రెఫరీ గడియారం చూపించి ఈల వేశాడు.

అంగి లోపలి నుంచి సాగర్ మాట వినిపించింది. "కాకా, చేతులు గుంజుతున్నయ్."

"దించకు. దించితే చెల్లదు."

"దించ. గని ఒక్క మాట అడుగుత. సోమారం నాకు గూడ బండి మీద డ్యూటీ ఉంది. నేను గూడ పడ. రేపు నా పేరు గూడ దాటేస్తవా?"

అంగి అంచు పట్టుకున్న కాకా చేతులు అలాగే ఉండిపోయాయి. పక్కన చంద్రవ్వ నా మోచేయి గట్టిగా పట్టుకుంది. ఆయన మూడోసారి మొదలుపెట్టాడు. ఎల్లయ్య. రాజయ్య. నేను నోరు తెరవబోతే నా వైపు అరచెయ్యి చూపించాడు.

"ఆగు. నేనే చెప్త." ఒకసారి నేల వైపు చూశాడు. "జంగయ్య తొడిగిన అంగి." తర్వాత తన పేరు కొంచెం నెమ్మదిగా, "నర్సింలు తొడిగిన అంగి." పోశెట్టి పేరు కూడా చెప్పి అంగిని కిందికి లాగాడు. సాగర్ తల బయటకు వచ్చింది, చెమటతో తడిసిపోయి.

మ్యాచ్ గోల్ లేకుండానే ముగిసింది. స్టాపర్ల అభిమానులకు అంతకంటే మంచి ఫలితం ఉండదనుకుంటాను. సాగర్ ఆట చాలావరకు నిలబడే ఆడాడు, భుజాలు చూస్తూ. చివరి నిమిషాల్లో మాత్రం ఒక ఫార్వర్డ్ అతన్ని దాటేశాడు. సాగర్ నేలమీద జారి బంతిని బయటకు తన్నేశాడు. గోడ మీదివాళ్లంతా లేచి నిలబడ్డారు. నేనూ లేచాను. అతని ముంజేయి పొడవునా చర్మం గీసుకుపోయింది.

"చూసినవా టీచరమ్మా?" అన్నాడు నర్సింలు కాకా, మొహమంతా నవ్వుతో.

"చూసిన. రేపు బండి మీరు నడుపుతరా?"

"నాకు లైసెన్సు లేదు" అన్నాడు ఆయన. నవ్వుతూనే సాగర్‌కు నీళ్ల సీసా అందించడానికి కుంటుతూ వెళ్లాడు.

దాదర్‌లో రైలు కోసం కూర్చుని నాన్నకు ఫోన్ చేశాను. అంతా విన్నాడు. "మూడుపార్లు చెప్పించినవా ఆయనతోని?" అన్నాడు. ఆ తర్వాత, "పోరనికి చెయ్యి బాగ గీసుకపోయిందా?" అని అడిగాడు.

ఎవరు గొప్ప స్టాపర్ అన్నది పదో గల్లీలో తేలలేదు. తేలకపోతేనే మంచిది, లేకపోతే సాయంత్రాలు ఎలా గడుస్తాయి? మా నాన్నే గొప్ప అని ఒప్పించడానికి నేను వెళ్లలేదు. రాజయ్య తల ముందు, నర్సింలు కాకా మోకాలి ముందు మా నాన్న ఓడిపోయినా ఫరవాలేదు. కానీ ఓడిపోవడానికైనా ఆ వరసలో ఆయన పేరు ఉండాలి. వానలకు ఇంటికి వెళ్లిపోయేవాళ్లు కట్టిన గోడలు వానల్లో కూడా నిలబడే ఉన్నాయి. వాళ్లు ఆపిన బంతులు కూడా ఆగినట్టే లెక్క. ఇది నేను ఎవరినీ అడుక్కుంటూ చెప్పడం లేదు.

వెళ్లాలనుకునేవాళ్లకు ఒక్క సలహా. దసరా తర్వాతి మొదటి మ్యాచ్‌కు వెళ్లండి, తొమ్మిదిలోపు చేరుకోండి, ఎందుకంటే అంగి తొడిగేది ఆట మొదలయ్యే ముందే. ఆ వరసలో మీ ఇంటి మనిషి పేరు దాటిపోతే తర్వాత చెబుదామని ఆగకండి, అప్పుడే నోరు తెరవండి. మళ్లీ మొదటి నుంచి చెప్పాలన్నది వాళ్లు పెట్టుకున్న పద్ధతే.