ఆమె చెప్పని మూల

బందరులో కలంకారీ పని చేసే దైవాధీనం కలం పట్టాడంటే మామిడిపిందె మామిడిపిందెలాగే వచ్చేది, చిలక చిలకలాగే వచ్చేది. అతని తండ్రి గుడ్డల మీద అద్దిందీ అవే, తాత అద్దిందీ అవే. యాభై ఏళ్లొచ్చినా వాటి మీద విసుగు లేదు సరికదా, ఒక్క ఆకు ఎక్కువ గీసిన పనివాణ్ణి చూస్తే ఒళ్లు మండేది. "నీ తెలివి నీ ఇంట్లో పెట్టుకో, గుడ్డ మీద కాదు" అనేవాడు.

అలాంటి మనిషికి సూర్యనారాయణ మాస్టారితో స్నేహం ఎలా కుదిరిందో! ఆయన బడిలో డ్రాయింగు చెప్పేవారు. దూరదేశాల పత్రికలు తెప్పించుకుని, సాయంత్రాలు దైవాధీనం అరుగు మీద కూర్చుని చదివి వినిపించేవారు. అవాంగార్డ్ అనే మాట అలాగే అతని చెవిన పడింది.

"సైన్యం కంటే ముందు నడిచే చిన్న గుంపని దాని అర్థమండీ. వాళ్లకి దారంటూ ఉండదు. బొమ్మల్లోనూ అంతే. తెలిసిన రూపాన్ని వదిలేసి ముందుకెళ్లాలి" అన్నారు మాస్టారు.

"దారి తెలీకుండా పోయేదాన్ని మా పేటలో తప్పిపోయిన మేక అంటారు మాస్టారూ" అని దైవాధీనం పగలబడి నవ్వాడు.

ఆ వేసవిలోనే దివిసీమ నుంచి వెంకటరత్నమ్మ వచ్చింది. ఆమె కొడుకు కాంతారావు, పంతొమ్మిదేళ్లవాడు, పడవెక్కి సముద్రంలోకి వెళ్లి తిరిగి రాలేదు. శవమూ దొరకలేదు. ఏడాది దాటినా ఆమె కర్మ చేయనివ్వలేదు, రోజూ వాడికో కంచం పెడుతూనే ఉంది. ఇంట్లో ఫోటో ఒక్కటీ లేదు.

"వాడి ముఖం మర్చిపోతున్నాను అన్నయ్యగారూ. ముందు చెవులు పోయాయి, ఇప్పుడు నవ్వు పోతోంది. గుడ్డ మీద వేసివ్వండి" అంది.

దైవాధీనం మూడు గుడ్డలు వేశాడు. ఆమె చెప్పిన ముక్కు, ఆమె చెప్పిన నుదురు, అన్నీ పెట్టాడు. మూడింటినీ చూసి ఆమె తల తిప్పేసుకుంది.

"అందరూ దేవుళ్లే. వీటిలో మావాడు లేడు."

ముప్పై అయిదేళ్ల పనితనం ఒక్క మాటతో గంగలో కలిసింది. ఉడుకుమోత్తనం పట్టలేక, "రేపు రామ్మా. ఈసారి నేను కూడా చూడకుండా వేస్తాను" అనేశాడు.

గుడ్డకి ఎర్రరంగు పట్టాలంటే ముందు పటిక నీళ్లతో గీయాలి. పటిక నీళ్లు కంటికి ఆనవు కాబట్టి, గీత తెలియడానికి వాటిలో కాస్త ఎరుపు కలుపుకుంటారు. ఆ రోజు అతను ఏమీ కలపలేదు. ఏం గీశాడో రంగు కాగులో ఉడికించేదాకా ఎవరికీ తెలీదు, అతనికీ తెలీదు.

"ముఖం సంగతి వదిలెయ్యమ్మా. వాడి గురించి ఏదో ఒకటి చెబుతూ ఉండు" అన్నాడు.

ఆమె చెప్పింది. వాడు ఈల వేసుకుంటూ కాలవగట్టు దిగడం, చారు జుర్రుతూ తాగడం, తిడితే తల వంచుకుని నవ్వడం. ఆమె గొంతు ఎటు పోతే అతని చెయ్యి అటు పోయింది. మిట్టమధ్యాహ్నానికి చెప్పడానికి ఇంకేమీ మిగలక ఆమె ఊరుకుంది.

చెయ్యి ఊరుకోలేదు. గుడ్డ కింది మూలకి జారి అక్కడే తిరగసాగింది. లాక్కోబోతే అంత రోహిణికార్తె ఎండలోనూ మోచేతిదాకా చల్లగా, తడిగా ఉంది. ఆ మూల గీసినంతసేపూ కలాన్ని పటికలో ఒక్కసారైనా ముంచలేదని తర్వాతెప్పుడో తట్టింది.

మర్నాడు గుడ్డని కాగులో ఉడికించి కాలవలో జాడించారు. ముఖం లేదు. ముడులు పడ్డ గీతలు, మరకలు, నడుమ తెల్లటి ఖాళీ. చూసిన పనివాళ్లు పక్కకి తప్పుకున్నారు. దైవాధీనం సిగ్గుతో చచ్చిపోయాడు.

వెంకటరత్నమ్మ మాత్రం గుడ్డ ముందు చతికిలబడి గీతల వెంట వేలు నడిపింది. "ఇది ఈల... ఇదిగో, గట్టు దిగుతున్నాడు... ఇది నవ్వే! వచ్చావట్రా నా నాయనా!" ఆమె ఏడుస్తూ నవ్వుతుంటే దైవాధీనానికీ కళ్లు తడిశాయి. పుట్టి బుద్ధెరిగాక అంత సంతోషం అతను ఎరగడు.

వేలు కింది మూలకి చేరి ఆగింది.

"ఇది నేను చెప్పలేదే."

అక్కడ ఒకటే గీత, చుట్టలు తిరుగుతూ కిందికి, ఇంకా కిందికి దిగింది. మళ్లీ పైకి రాలేదు. ఆమె వేలు ఆ గీత చివరిదాకా వెళ్లింది.

"భయపడ్డాడా అన్నయ్యగారూ?"

"నాకు తెలీదమ్మా" అన్నాడు. అది అబద్ధం. మోచేతిదాకా తెలుసు.

ఆమె ఆ మూలని పంటితో కొరికి చించి అతని ముందు పెట్టింది. "ఇంటికెళ్లి వాడికి నీళ్లు వదుల్తాను. నవ్వేవాణ్ణి నేను తీసుకెళ్తాను. వీణ్ణి మీరు ఉంచుకోండి. నేను చూడలేను."

సంగతి విని మాస్టారు పరుగున వచ్చారు. ఆయన ఆనందానికి పట్టపగ్గాల్లేవు. "ఇదేనండీ ముందు నడవడమంటే! ఇలాంటివి ఇంకో పది వెయ్యండి, మద్రాసులో చూపిద్దాం" అన్నారు.

దైవాధీనం మామిడిపిందెలు గీస్తున్నాడు. చనిపోయేదాకా మరో తొమ్మిదేళ్లు అవే గీశాడు. లేచి, దండెం మీదున్న ఆ మూల పేలికని తీసి ఆయన చేతిలో పెట్టాడు. అయిదు రోజుల నుంచి ఎండలో ఉన్నా అది ఆరలేదు. మాస్టారి వేళ్ల మధ్య నుంచి నీటిచుక్క జారింది.

"ముందుకెళ్లాను మాస్టారూ. అక్కడ ఆ కుర్రాడున్నాడు. నా చెయ్యి పట్టుకున్నాడు. విడిపించుకుని నేనొక్కణ్ణే వచ్చేశాను."